ఊడ్చిన బాట మీద మేము పెట్టిన దుంగలు

మొన్న జనగామలో, ఉద్యమంలో తిరిగిన మా ప్రాంతపు పాతవాళ్లమంతా ఒక ఫంక్షన్ హాలులో కలుసుకున్నాం. ఎవరి గడ్డం నెరిసింది, ఎవరికి షుగర్ వచ్చింది, ఎవరి కొడుకు ఎక్కడ చదువుతున్నాడు అనే ముచ్చట్లు అయ్యాక, కొందరిని వేదిక మీదికి పిలిచి శాలువాలు కప్పారు. వాళ్లలో నేనూ ఉన్నాను. అప్పట్లో మా కమిటీని నడిపిన మిత్రుడు మైకు పట్టుకుని, నన్ను చేత్తో చూపిస్తూ, "ఈ అన్నను గుర్తుపట్టిండ్రా? మెయిన్ రోడ్డు మేం బంద్ చేస్తే, బండ్లన్నీ అడవి బాట నుంచి దొంగతనంగ పోతుండె. ఈ అన్న రెండు చెట్లు అడ్డం ఏసిండు సూడు, ఎడ్లబండి గూడ దాటలే!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అతను అక్కడితో ఆపితే బాగుండేది. "ఆ తర్వాత ఎవరో ముసల్ది ఇప్పపువ్వు కోసం అగ్గిపెట్టి గూడెం కాలవెట్టిందనుకో, గది వేరే ముచ్చట" అని నవ్వించాడు.

ఏప్రిల్ ఉక్కలో మెడ చుట్టూ శాలువాతో, రెండు చేతులూ జోడించి, నేను కూడా నవ్వు ముఖం పెట్టుకునే కూర్చున్నాను.  ఆ ముసల్ది మా మేనత్త. ఆమె గూడెం కాలబెట్టలేదు. ఈ సంగతి ఆ హాలులో ఇంకెవరికీ తెలియకపోయినా నాకు తెలుసు. అందుకే, నాతో పాటు ఆ రోజులు చూసినవాళ్లు చదువుతారని, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మా గూడెం మహదేవపూర్ అవతల, గోదావరికి చేరకముందే వచ్చే అడవిలో ఉంటుంది. బస్సు ఆగే మెయిన్ రోడ్డు నుంచి మా ఇళ్ల పక్కగా పోయి, అవతల మళ్లీ ఆ రోడ్డులోనే కలిసే బండ్ల బాట ఒకటి అప్పట్లో ఉండేది. దానికి పడమటి పక్క గుట్ట, గుట్ట నిండా టేకు, నల్లమద్ది, తునికి. తూర్పు పక్క మా చేన్లు, ఇప్పచెట్లు, ఆ తర్వాత ఇళ్లు. ఎండకాలం గాలి ఎప్పుడూ గుట్ట వైపు నుంచే మా మీదికి వీచేది. కాబట్టి గుట్ట మీద ఎక్కడ నిప్పంటుకున్నా అది దిగి దిగి చివరికి మా బాట దగ్గరికే వచ్చేది. బయటివాళ్లకు అది నడిచే దారి. మాకు అది నడిచే దారీ, మంటకు అడ్డుగోడా.

అందుకే బాట ఊడ్చుడు మాకు పండుగలాంటి పని. సమ్మక్క జాతర ఉన్న ఏడు జాతర నుంచి రాగానే, లేని ఏడు మాఘ పున్నమి దాటగానే, టేకాకు పూర్తిగా రాలిందని పెద్దమనిషి చూసి చెప్పిన రోజున గూడెం మొత్తం బాట మీదికి వచ్చేది. ఏ ఇంటి వంతు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నది తాతల నాడే చెట్లను బట్టి పంచుకున్నారు. మాది వంకర మద్ది నుంచి చీమల పుట్ట దాకా. మేనత్తది ఆ పుట్ట నుంచి వాగు దాకా. ఆడవాళ్లు తంగేడు కొమ్మలు కట్టిన పెద్ద చీపుర్లతో ఆకును గుట్ట వైపు అంచుకు ఊడ్చేవాళ్లు. మగవాళ్లు బాట మీదికి వంగిన కొమ్మలు కొట్టి, వానలకు పడ్డ గుంతల్లో మొరం పోసేవాళ్లు. తర్వాత ఆ ఆకు కుప్పల్ని, పొద్దున మంచు తడి ఆరకముందే, చుట్టూ మనుషులు పచ్చికొమ్మలు, తడి గోనెసంచులు పట్టుకుని నిలబడి కాల్చేవాళ్లు. మధ్యాహ్నానికి ఉడికించిన బబ్బెర గుడాలు, సాయంత్రానికి కల్లు.

ఆ పనిలో ఒకరి వంతును ఇంకొకరు వెక్కిరించడం మామూలు. అందులో మా మేనత్తను మించినవాళ్లు లేరు. మనిషి పొట్టి, గొంతు మాత్రం గుట్ట అవతలికి వినపడేది. తన వంతు అందరికన్నా ముందు ముగించి, చీపురు భుజాన వేసుకుని తనిఖీకి బయలుదేరేది. ఒక ఏడు మా వదిన ఊడ్చింది చూసి, "ఇది బాట ఊడ్చుడా, పెండ్లిపిల్ల బుగ్గకు పౌడర్ పూసుడా? అగ్గి వచ్చి నీ పౌడర్ సూసి ఎనుకకు పోతదా?" అంది. కొత్తగా వచ్చిన మా వదిన ఏడ్చినంత పని చేసింది. మా మామ చనిపోయిన తర్వాత మేనత్త ఒక్కతే ఆ ఇంట్లో ఉండేది. కూతురిని మహబూబాబాద్‌లో ఇచ్చింది. ఆ కూతురిని నాకు ఇద్దామనుకుంది, ముందు సరేనన్నవాణ్ణి తర్వాత చదువుకుంటానని మొండికేశాను. దాని మీద జీవితాంతం నన్ను దెప్పుతూనే ఉండేది, అయినా నేను కనబడితే ఉట్టి మీది ఇప్పపువ్వు లడ్డు దింపకుండా పంపేది కాదు.

బాట ఊడ్చిన తర్వాత వానలు పడే దాకా ఒక కట్టుబాటు ఉండేది. దాని మీద పుల్ల కూడా పెట్టకూడదు. కట్టెలమోపు తెచ్చే ఆడవాళ్లు ఎంత మెడ నొచ్చినా మోపును బాట మీద దించేవాళ్లు కాదు, దాటి వచ్చి ఇవతల దించుకునేవాళ్లు. బండి మీది గడ్డి జారి పడితే వెనకాల వచ్చినవాడు, వాడికీ బండివాడికీ మాటల్లేకపోయినా, ఏరి పక్కకు వేసేవాడు. దీనికి జరిమానా లేదు, కాపలా లేదు. చెప్పులు వేసుకుని పొయ్యి దగ్గరికి ఎట్లా పోమో, అట్లా ఊడ్చిన బాట మీద ఏదీ పెట్టం, అంతే.

చిన్నప్పుడు గుట్ట మీద మంట దిగి రావడం మేము ఇంటి ముందు మంచాల మీద కూర్చుని చూసేవాళ్లం. దూరం నుంచి ఎర్రటి దారంలా ఉండి, అక్కడక్కడ తెగుతూ మళ్లీ కలుస్తూ వచ్చి, బాట అంచున కాలడానికి ఏమీ దొరకక చిన్నబోయి ఆరిపోయేది. అది దాటుతుందేమో అన్న భయం మాకు ఎప్పుడూ కలగలేదు. మా పెద్దవాళ్లు దాన్ని అంత శ్రద్ధగా ఊడ్చారు కనుకనే మాకు ఆ భయం తెలియలేదని ఇప్పుడు అనిపిస్తుంది.

రాష్ట్రం రావడానికి రెండేళ్ల ముందటి ఎండకాలం. నేను పక్క ఊరి బడిలో విద్యా వాలంటీరుగా చెప్పేవాణ్ణి. సాయంత్రం అయితే కమిటీ, జెండాలు, ధర్నాలు. మా తమ్ముడు పోలీసు కానిస్టేబులు పరీక్షలకు తయారవుతూ, పొద్దున్నే ఆ బాట మీదనే పరుగు తీసేవాడు. పరుగు పందెంలో నెగ్గాడు, ఇక రాత పరీక్ష ఉంది. మా ఇంట్లో నెలజీతం అన్న మాట వినబడుతుందంటే వాడి వల్లనే వినబడాలి అని మా అవ్వ రోజూ దేవునికి చెప్పుకునేది. ఆ ఏడు బాట కూడా అందరం కలిసే ఊడ్చాం. ఉద్యమం పనుల్లో ఉండి కూడా నా వంతుకు నేను వచ్చాను. ఇది నా గొప్ప కోసం చెప్పడం లేదు. ఊడ్చింది ఎందుకో తెలియక చేసిన పని కాదు, తెలిసి చేసిన పని అని చెప్పడానికే.

బంద్ పిలుపు వచ్చింది. మెయిన్ రోడ్డు మీద పెద్ద ఊళ్లవాళ్లు కూర్చున్నారు. కానీ జీపులు, లారీలు మా బాట పట్టి దాటిపోతున్నాయని, మేమేం చేస్తున్నామని కమిటీ నడిపే మిత్రుడు కబురు పంపాడు. మాకు రోషం వచ్చింది. గుట్ట వైపు నిలువునా ఎండిపోయిన రెండు చెట్లను నరికి, తాళ్లతో లాగి, మేనత్త వంతు మొదట్లో, రెండు పక్కలా పొదలున్న ఇరుకు చోట, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అడ్డం వేశాం. దుంగల మధ్య సందులుంటే బైకులు దూరుతాయని ముళ్లకంప, ఎండుకొమ్మలు, చేతికందిన చెత్తా చెదారం కూరాం. మా తమ్ముడు కూడా గొడ్డలి పట్టాడు. పేపరు కోసం ఒకతను ఫోటో తీశాడు. ఆ దుంగల మీద కాలు పెట్టి, పిడికిలి ఎత్తి నిలబడిన నా ఫోటో ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

మేము నినాదాలు ఇస్తుండగానే మేనత్త ఇప్పపువ్వు గంపతో గుట్ట వైపు నుంచి వచ్చింది. ఆమె ఇప్పచెట్లు నాలుగైదు గుట్ట వైపే, బాటకు కొంచెం ఎగువన ఉండేవి. మిగతా అందరివీ ఇవతల. దుంగల ముందు ఆగి, గంప దించకుండానే అటూ ఇటూ చూసింది.

"ఏందిర అల్లుడా గిది? ఊడ్చిన బాట మీద పుల్ల పెట్టొద్దంటే, నువ్వు అడివినే పెట్టినవు?"

"తెలంగాణ కోసం అత్తా. ఇయ్యాల ఒక్కదినమే" అన్నాను.

"తెలంగాణ వస్తదో రాదో, అగ్గి మాత్రం వస్తది. గుట్ట మీద పొగ లేస్తుంది, సూడలేదా?"

"పొద్దుమూకే వరకు తీసేస్తం తియ్యి."

"తీస్తవు, తీస్తవు. నా బిడ్డను చేసుకుంటనని గూడ గిట్లనే అన్నవు" అని, అందరూ నవ్వుతుండగా ముళ్లలో కోక చిక్కుకోకుండా పక్క పొదల్లోంచి దారి చేసుకుని పోయింది.

ఆ సాయంత్రం తీయలేదు. భూపాలపల్లిలో సభ ఉందని ట్రాక్టరు వచ్చింది, అందరం ఎక్కాం. మర్నాడు బంద్ ఇంకా నడుస్తుందన్నారు. ఆ తర్వాతి రోజు బంద్ లేదు, కానీ లాగడానికి నలుగురు ఒక్కచోట దొరకలేదు. ఒకడు దావత్‌కు పోయాడు, ఒకడికి జ్వరం. నిజం చెప్పాలంటే బరువైన పని ఎవడికి వాడు ఇంకొకడి మీద వేసుకున్నాం. అడ్డం వేసేటప్పుడు పిలవకుండానే వచ్చిన పదిమందీ తీసేటప్పుడు లేరు. ఆ దుంగలను అలాగే చూసుకుంటూ పోవడం మాకు కొంత గర్వంగా కూడా ఉండేది. గూడెం పెద్దలు చూశారు, వాళ్లూ ఊరుకున్నారు. పిల్లలు ఉద్యమంలో ఉన్నారు, వాళ్లతో ఎందుకు అనుకున్నారో ఏమో.

మంట ఒక మధ్యాహ్నం వచ్చింది. గుట్ట మీద అంతకుముందు నుంచీ రగులుతూనే ఉంది. ఎవరి వల్ల అంటుకుందో, గొర్లకాపరి బీడీయో, అవతలి ఊరివాళ్ల పనో, ఈనాటికీ తెలియదు. ఆ రోజు గాలి లేచింది. కేకలు విని పచ్చికొమ్మలు విరుచుకుని బాట మీదికి పరుగెత్తాం. మేనత్త చెట్ల కింద ఉందని ఎవరో అరిచారు. నేను ఆమె కోసం బాట దాటి ఎగువకు పోయాను. పోయేసరికి ఆమె నాకు ఎదురుగా కాదు, ఇంకా లోపలికి పరుగెత్తుతోంది. అక్కడ పువ్వు ఎండబోసి ఉంది, దాని కోసం.

"అత్తా, పువ్వు పాడుగాను, రా!" అని అరిచాను.

"నీ అయ్య తెస్తడార మల్ల?" అని అరిచింది తిరిగి.

ఆమెను పట్టుకునేసరికి మా వెనక పొద అంటుకుంది, ముందు మంట గుట్ట దిగుతోంది. ఏ పక్కకు చూసినా పోవడానికి లేదు. మేము నిలబడ్డ చోటు మాత్రం నల్లగా, నున్నగా ఉంది. పువ్వు రాలితే కనబడాలని చెట్టు కింద ఆకు ఊడ్చి కాల్చడం ఇప్పపువ్వు ఏరే ఇళ్లన్నీ చేసేదే. ఆమె కొన్నాళ్ల ముందు పొద్దున్నే కాల్చి, చల్లార్చి, ఆ నేల మీదే పువ్వు ఆరబోసుకుంది. అక్కడ ఇక కాలడానికి ఏమీ లేదు. మంట చుట్టూ తిరిగి పోయింది. మేము ఇద్దరం ఆ మసినేల నడుమ, ఆమె కోక కొంగు ముఖాలకు అడ్డం పెట్టుకుని, దగ్గుకుంటూ కూలబడ్డాం. ఆమె తెలివితో అక్కడికి తీసుకుపోయిందని చెప్పను. పువ్వు కోసం పోయింది, నేను ఆమె వెంట పోయాను, బతికాం.

అక్కడి నుంచి బాట కనబడుతోంది. మంట బాట అంచుకు వచ్చి, నా చిన్నప్పుడు చూసినట్టే, పొడవునా తగ్గిపోవడం చూశాను. వంకర మద్ది దగ్గర తగ్గింది. పుట్ట దగ్గర తగ్గింది. మేము కంప కూరిన చోట మాత్రం తగ్గలేదు. దుంగల సందుల్లో కాసేపు పొగ లేచింది, తర్వాత కంప ఒక్కసారి భగ్గుమని, మనిషి కర్రవంతెన దాటినట్టు ఈ అంచు నుంచి ఆ అంచుకు దాటింది. అవతల ఇప్పచెట్ల కింద ఎండుగడ్డి.

"సూసినవా అల్లుడా?" అంది మేనత్త.

"చూసిన అత్తా" అన్నాను.

మనుషులకు ఏమీ కాలేదు. అంచున ఉన్న రెండు ఇళ్లు కాలాయి. పలుపులు కోయడానికి సమయం లేక మా పెదనాయన ఎడ్లు రెండూ కొట్టంలోనే పోయాయి. పువ్వు మీదున్న ఇప్పచెట్లు నిలువునా మాడి, ఆ ఏడు గూడెంలో ఎవరికీ పువ్వు లేకుండా పోయింది. చల్లారిన తర్వాత మేము, అడ్డం వేసిన కుర్రవాళ్లం, ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా, సగం కాలిన దుంగలను లాగి గుట్ట వైపు లోయలో పడేశాం. అడ్డం వేసిన తర్వాత మొదటిసారి అందరం ఒక్కచోట దొరికాం.

మర్నాడు అడవి అధికారి ఒకాయన వచ్చాడు. పెద్దమనిషి ఇంటి ముందు అందరినీ కూర్చోబెట్టాడు. గుట్ట మీద రెండు మొదళ్లు కొత్తగా నరికి ఉన్నాయి, ఎవరు నరికారు, బాట మీద ఏం పెట్టారు, మంట ఎట్లా దాటింది, ఎవరో ఒకరి పేరు రాసుకోకుండా పోనన్నాడు. చెట్లు నరికిన వాళ్ల మీదా, మంట దాటించిన వాళ్ల మీదా కేసులు వేరువేరుగా ఉంటాయన్నాడు. మా తమ్ముడు నా వెనక నిలబడి ఉన్నాడు. వాడి ఊపిరి నా మెడకు తగులుతోంది. కేసు పడ్డవాడికి పోలీసు ఉద్యోగం రాదని ఆ గూడెంలో చిన్నపిల్లవానికి కూడా తెలుసు.

అప్పుడు మేనత్త లేచింది. ఆమెను ఎవరూ అడగలేదు.

"దుంగల మీదికెల్లి దాటింది సారు. నేను సూసిన. నా అల్లుడు సూసిండు. గీడనే ఉన్నడు, అడుగుండ్రి."

అందరి తలలూ నా వైపు తిరిగాయి. అధికారి, "బాట మీద దుంగలు ఉన్నాయా?" అని అడిగాడు.

ఆ క్షణంలో నేను ఏమాలోచించానో చాలాసార్లు గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాను. తమ్ముడి గురించి ఆలోచించాను, అది నిజం. ఉద్యమం పిల్లలు గూడెం తగలబెట్టారని పేపర్లో వస్తే ఏమవుతుందో ఆలోచించాను, అదీ నిజం. ముసలి మనిషిని ఏం చేస్తారు, నాలుగు మాటలు అని వదిలేస్తారు అనుకున్నాను. ఇవన్నీ కాక, పేపర్లో నా ఫోటో చూసుకున్నవాణ్ణి. అటు పోతే తమ్ముడు, ఇటు పోతే అత్త, ఎటూ పోకుండా నిలబడటానికి ముందురోజు దొరికినట్టు నల్లనేల దొరకలేదు.

"మంటకు ముందురోజే తీసేసినం సార్" అన్నాను. అంతటితో ఆగక, "అత్తకు పొగల సరిగ కనబడక అట్లనుకున్నది" అన్నాను.

మేనత్త నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. "గట్లనా" అని, కూర్చుంది.

ఆమె చెట్ల కింద కాల్చిన మసి ఉంది కదా, ఆ నిప్పే గాలికి లేచి బాట దాటిందనడానికి అధికారికి అది చాలింది. ఒక పేరు దొరికింది చాలనుకుని, నరికిన మొదళ్ల సంగతి మళ్లీ ఎత్తకుండా ఆమె పేరు రాసుకుపోయాడు. కేసంటూ పెద్దగా నడవలేదు, ఏవో కొన్నిసార్లు ఆఫీసుకు తిప్పారు. గూడెం వేసిన శిక్షే పెద్దది. ఎడ్లు పోయిన పెదనాయన, ఇళ్లు పోయినవాళ్లు ఆమె ముఖం చూసేది లేదన్నారు. గుట్ట వైపు చెట్లు ఇక ఆమెకు లేవన్నారు. మరుసటి ఏడు బాట ఊడ్చే రోజు ఆమె మామూలుగానే చీపురు కట్టుకుని వచ్చింది. పుట్ట నుంచి వాగు దాకా అప్పటికే వేరేవాళ్లు ఊడుస్తున్నారు. ఎవరూ పక్కకు జరగలేదు. ఆమె చీపురు అక్కడే వదిలి వెళ్లిపోయింది. ఆ నెలలోనే ఇంటికి తాళం వేసి మహబూబాబాద్‌లో కూతురి దగ్గరికి చేరింది.

మా తమ్ముడు రాత పరీక్ష తప్పాడు. మళ్లీ రాసి మళ్లీ తప్పాడు. ఇప్పుడు ఆటో నడుపుతాడు. ఆ లెక్కన నేను చెప్పిన అబద్ధం వల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు. అప్పుడైనా నిజం చెప్పవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నన్ను నేనూ ఆ మాట అడిగాను. కానీ అబద్ధం ఒకసారి పదిమంది ముందు నిలబడితే దాని చుట్టూ మన బతుకు పెరుగుతుంది. రాష్ట్రం వచ్చింది. గులాల్ చల్లుకుని ఊరేగుతుంటే నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. తర్వాత జనగామలో నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. మామగారింట్లో నన్ను పరిచయం చేసేటప్పుడు దుంగల కథే చెప్పేవాళ్లు. ఎక్కడికి పోయినా ఆ కథ నాకన్నా ముందే వెళ్లి కూర్చునేది, నేను వెళ్లి దాని పక్కన కూర్చునేవాణ్ణి.

ఒకసారి పని మీద మహబూబాబాద్ పోయి, ధైర్యం చేసి మేనత్త ఇంటికి వెళ్లాను. వరండాలో మిరపకాయల రాశి ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది. ఘాటుకు నాకు వెంటనే దగ్గు వచ్చింది. నన్ను చూసి లేవలేదు, పీట మాత్రం కాలితో ఇటు జరిపింది.

"ఏంరో, సార్‌వైనవట. పొట్టగూడ వచ్చింది" అంది.

కూతురు చాయ పెట్టడానికి లోపలికి పోయింది. నేను ఆ పీట మీద కూర్చుని, తల వంచుకుని, నా తప్పే అత్తా, దుంగల మీదుగానే దాటింది, నేనే అబద్ధం ఆడాను అని చెప్పాను. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న మాటలు, రెండు నిమిషాల్లో అయిపోయాయి. ఆమె తొడిమలు తీస్తూనే ఉంది.

"గది నాకు చెప్తవేందిర? నాకు తెల్వదా? నీ పక్కనే కూసున్న గదా."

"మనసు పరేషాన్ గుంది అత్తా."

"నీ పరేషాన్ దించుకోను గింత దూరం వచ్చినవా? ఆడ చెప్పు. గూడెంల చెప్పు. పదిమందిల అన్నవు, పదిమందిల చెప్పు." ఇంకో మిరపకాయ అందుకుని, "పువ్వు రాలే యాళ్లకు చెప్పు, నేను గూడ వస్త" అంది.

వస్తానన్నాను, తీసుకుపోతానన్నాను. ఆ ఎండకాలం ఆఫీసులో సెలవు దొరకలేదు. వచ్చే ఎండకాలం మా అమ్మాయి పరీక్షలు. సెలవు ఎట్లా దొరకకుండా పోతుందో ఉద్యోగాలు చేసినవాళ్లకు నేను చెప్పనవసరం లేదు. ఒక వానాకాలంలో ఆమె పోయిందని ఫోను వచ్చింది. వెళ్లాను. మహబూబాబాద్‌లోనే అన్నీ చేశారు. గూడెం నుంచి ఎవరూ రాలేదు.

శాలువా కప్పించుకున్న తర్వాతి ఆదివారం నేను గూడెం వెళ్లాను. బాట లేదు. దాని మీద తారు రోడ్డు పడింది, దాని మీద బస్సు పోతోంది. రోడ్డు ఉండగా ఊడ్చేది ఎందుకని ఆ ఆచారం పోయింది. ఎండుటాకులు రోడ్డు అంచుల్లో మోకాలి లోతు ఉన్నాయి. ఎక్కడైనా నిప్పంటుకుంటే ఇప్పుడు ఆఫీసరు ఫోనులో తెలుస్తుందట, వాళ్ల మనుషులు ఆకును ఊదే మిషను తెస్తారట. ఇప్పచెట్లు చాలావరకు తేరుకున్నాయి, పువ్వు రాలి నేల మీదే వాడిపోతోంది. ఏరేవాళ్లు తగ్గారు.

కిరాణా కొట్టు ముందు పదిమంది ఉన్నారు. చెప్పాను. దుంగలు మేమే వేశాం, తీయలేదు, వాటి మీదుగానే దాటింది, మేనత్త తప్పు లేదు అని గట్టిగానే చెప్పాను. సగంమంది అప్పటికి పుట్టి పాలు తాగుతున్నవాళ్లు. ఒక కుర్రవాడు మర్యాదగా, "ఇప్పుడెందుకు మామా గివన్ని, అయిపోయినయి గదా" అని కూల్‌డ్రింక్ తెచ్చి ఇచ్చాడు. పెద్దమనిషి ఇప్పుడు బతికి లేడు. ఆయన భార్య, చూపు సరిగా ఆనని ముసలామె, అరుగు మీద కూర్చుని అంతా విన్నది.

"దుంగలున్నయని మాకు తెల్వదనుకున్నవా?" అంది. "దినాం ఆ పక్కకెల్లే పోతిమి గదా. అందరం సూసినం. నా కొడుకు గూడ నరికినోళ్లలనే ఉండె. నువ్వు లేవంటివి, మాకు పాణం నిమ్మలమాయె."

 ఇన్నేళ్లు నేను ఒక్కణ్ణే మూసుకుని కూర్చున్న గదిలో గూడెం అంతా కూర్చుని ఉందన్నమాట.

"దానికి తెలుసా, నువ్వు వచ్చి చెప్పినవని?" అని అడిగింది మళ్లీ.

"అత్త పోయింది కదా పెద్దమ్మా" అన్నాను.

"ఔ, పోయింది గదా" అని, ఆమె అరుగు మీది నుంచి లేచి లోపలికి వెళ్లింది.

సాయంత్రం బస్సుకు తిరిగి బయలుదేరాను. అప్పట్లో మా వాళ్లు చేసినవి మంచో చెడో అందరూ కలిసి చేశారు. మంటను ఆపినా కలిసే ఆపారు, ఒక మనిషిని వెళ్లగొట్టినా కలిసే వెళ్లగొట్టారు. ఆ రెండో దాని కోసం మొదటిదాన్ని మరచిపోలేను, మొదటి దాని కోసం రెండోదాన్ని క్షమించనూ లేను. ఇప్పుడు ఆ రెండూ లేవు. అడవి ఎవరిదీ కాదు, నిప్పూ ఎవరిదీ కాదు. కొంతదూరం పోయాక రోడ్డు పక్కన పొద ఒకటి కాలుతోంది, పెద్ద మంటేమీ కాదు, నలుగురు దిగి పచ్చికొమ్మలు విరిస్తే అయిపోయేదే. డ్రైవరు లైట్లు వేసి కొంచెం వేగం పెంచాడు. ఎవరో పొగ వస్తోందన్నారు. ముందు సీటువాళ్లు అద్దం దించి కిటికీ మూసుకున్నారు, వెనకవాళ్లూ దించారు. నా పక్కన కిటికీ నాదే. నేను కూడా దించాను.